తెలుగు క్రైస్తవ సంఘముల విస్తరణము – కానుకల చరిత్ర

కూవము నది మూడువైపుల చుట్టివచ్చు చింతాద్రిపేటకు చెన్నపట్టణపు పేటలలో ఒక ప్రత్యేకత కలదు. ఇది తనంత తాను పెరిగిన పల్లె కాదు. లెక్కవేసి నిలిపిన పేట. 1734లో, జార్జి మోర్టన్ పిట్టు గవర్నరుగా నున్న కాలమున, కుంఫిణీవారు తమ ప్రధాన వర్తకుడుగా నుండిన సుంకురామ చెట్టి తోటను తీసికొని అచ్చట నేతగాండ్రను నిలిపిరి. అరవమున తరి యనగా మగ్గము. 'చిన్న తరి పేట' యను మాటయే చింతాద్రిపేట యైనదని పలువురి యభిప్రాయము. నేతగాండ్రు, వడుకువారు, అద్దకమువారు, చాకలివారు, గుడి పరిచారకులు మున్నగు వారికే ఇచ్చట నివాసము. మగ్గము నిలుపుటకు, ఇల్లు కట్టుకొనుటకు కావలసిన సొమ్ము బయటినుండి బయానాగా వచ్చెను. దానికి బదులుగా గుడ్డ నేసి యీయవలెను. పేటలోని ఆదికేశవ పెరుమాళ్ కోవెలను, దానికి జోడుగా నున్న ఆదిపురీశ్వరాలయమును దుబాసి ఆదియప్ప నారాయణ కట్టించెను. పేట పుట్టుకలోనే ఈవిధముగా రెండు ధనములు కనబడుచున్నవి. ఒకటి, పని చేయించుకొనుటకు పరాయివాడు పెట్టిన పెట్టుబడి. రెండవది, ఊరివాడు తన దైవమున కర్పించిన ద్రవ్యము.

ఈ పేటయందే సీయోను దేవాలయము కలదు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ దీనిని కట్టించినవారు అమెరికా మిషనువారు. వారి తరువాత నది ఇంగ్లండునందలి చర్చి మిషనరీ సంఘము వారి చేతికి వచ్చెను. 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘ మేర్పడిన పిమ్మట ఆ సంఘమున చేరెను. గుడి యొకటే, యాజమాన్యములు మూడు. ఆ గోడలలోని యిటుకకు వెల యిచ్చిన వారెవరు? ఆ గుడిలో బోధించువానికి జీతము పెట్టిన వారెవరు? క్రైస్తవ సంఘముల చరిత్రలు బాప్తిస్మముల సంఖ్యలతో నిండియుండును గాని కానుకల సంచి మాట వానిలో పుట యడుగున చిన్న అక్షరములలో నుండును. ఈ వ్యాసమున ఆ సంచినే ముందుంచి చూడదలచితిని. ఆ మతముయొక్క సత్యాసత్యముల విచారణ నా విషయము కాదు. సముద్రము దాటి వచ్చిన యొక సంస్థ తెలుగు నేలమీద తన కూటిని తాను సంపాదించుకొనుట ఎట్లు నేర్చెను అనునదియే ప్రస్తుతాంశము.

1836లో యాళ్పాణమునుండి మైరన్ విన్‌స్లో, వైద్యుడైన జాన్ స్కడ్డర్ అను నిద్దరు అమెరికనులు చెన్నపట్టణము వచ్చి మిషను నెలకొల్పిరి. ఆ మిషనుకు చింతాద్రిపేట ముఖ్యస్థానములలో నొకటి. వీరిని పంపినది 1810లో నేర్పడిన అమెరికన్ బోర్డు. దానికి దొరతనమువారి సొమ్ము లేదు, జమీనులు లేవు. న్యూ ఇంగ్లండు పల్లెలలో ఆదివారమునాడు తిరుగు పళ్ళెములలో పడిన చిల్లరయే దాని ఖజానా. స్కడ్డరు 1842 మొదలు 1846 వరకు స్వదేశముననుండి ఊరూర తిరిగి ముఖ్యముగా పిల్లలతో మాటాడెను. ఆదివారపు బడి పిల్లలకు ఉత్తరములు వ్రాసి పుస్తకముగా వేయించెను. మిఠాయి కొనుక్కొనుటకు దాచుకొనిన సెంట్లు ఆ పిల్లలు మిషను డబ్బాలో వేసిరి. చింతాద్రిపేట సందులలో ఒక బడి నడచిన దన్నచో దాని వెనుక ఎచ్చటి పిల్లవాడో మానుకొనిన మిఠాయి యుండెననుట అతిశయోక్తి కాదు. ఈ వైద్యుని మనుమరాలే వెల్లూరు ఆస్పత్రిని స్థాపించిన ఐడా స్కడ్డరు.

అయితే ఇట్టి ధనమునకు ఒక దోషము కలదు. అది ఇచ్చువాని సుఖదుఃఖముల ననుసరించి పెరుగును, తరుగును. పుచ్చుకొనువాని అవసరముతో దానికి నిమిత్తము లేదు. 1837లో అమెరికాలో బ్యాంకులు కూలెను. బోర్డువారు ఖర్చులు తగ్గింపవలసి వచ్చెను. సిలోనులోని వారి పాఠశాలలు పలువు మూతపడెను, వేలకొలది పిల్లలు ఇండ్లకు మరలిరి. న్యూయార్కు వర్తకుడెవడో దివాలా తీయుటకును, యాళ్పాణపు పిల్లవాడు పలక క్రింద పెట్టుటకును గల సంబంధమును ఆనాటి తల్లిదండ్రులకు ఎవరు వివరించియుందురు? చెన్నపట్టణపు మిషను సైతము కలకాలము నిలువలేదు. విన్‌స్లో తన జీవితమంతయు ధారవోసిన తమిళ–ఇంగ్లీషు నిఘంటువును 1862లో ప్రకటించెను. 1864లో స్వదేశమునకు పోవుచు గుడ్‌హోప్ అగ్రమువద్ద మరణించెను. పిమ్మట బోర్డువారు చెన్నపట్టణమును విడిచిరి. వారి ప్రసిద్ధమైన ముద్రణాలయము 1866లో వేరొక సంఘమునకు అమ్ముడుపోయెను. సీయోను గుడియు చేయి మారెను. గుడిలో కూర్చుండువారు మాత్రము ఆ పేటవారే. యజమాని మారిన సంగతి వారికి తెలియజేయబడెను. వారి నడిగి మార్చినట్లు కనబడదు.

ఈ చిక్కును గుర్తించినవారు ఆ కాలమున ఇద్దరు కలరు. ఒకరు అమెరికన్ బోర్డు కార్యదర్శి రూఫస్ ఆండర్సన్; 1854–55లలో ఇండియాకు వచ్చి మిషనులను స్వయముగా పరిశీలించినవాడు. రెండవవారు 1841 మొదలు 1872 వరకు చర్చి మిషనరీ సంఘమునకు కార్యదర్శిగా నుండిన హెన్రీ వెన్. సముద్రమున కీవల ఒకరు, ఆవల ఒకరు, ఇంచుమించుగా ఒకే నిర్ణయమునకు వచ్చిరి. స్థానిక సంఘము తన బోధకుని తానే పోషింపవలెను, తన వ్యవహారమును తానే పాలించుకొనవలెను, తన బోధను తానే ప్రచారము చేయవలెను. ఈ మూడు పనులు కుదిరిననాడు పరదేశి ప్రచారకుడు పెట్టె సర్దుకొని వేరొక చోటికి పోవలెను. వెన్ మాటలలో పరంజా పోలిక కూడ వినబడును. గోడ లేచిన తరువాత పరంజా తీసివేయవలసినదే గదా. సూత్రము చక్కనిది. అయితే పరంజాపై నిలుచున్నవాడు తానై దిగుట అరుదు.

సీయోను గుడి పగ్గములు ఒక స్వదేశీయుని చేతికి వచ్చుట ఈ సూత్రముయొక్క ఫలమే. తిరునెల్వేలి ప్రాంతమున క్రైస్తవమును స్వీకరించిన డబ్ల్యు. టి. సత్యనాథన్ ఈ గుడికి గురువుగా వచ్చి 1892లో మరణించువరకు చెన్నపట్టణమున పనిచేసెను. ఆయన భార్య అన్నా స్త్రీవిద్యకై పాటుపడినది. కుమారుడు సామ్యూలు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడాయెను. ఆ కోడలిని గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పకుండ పోజాలను. రాజమహేంద్రవరమున పుట్టిన మన తెలుగు ఆడపడుచు కమలా సత్యనాథన్, 1901లో ఇండియన్ లేడీస్ మాగజైన్ అను పత్రికను స్థాపించి నడపినది. చింతాద్రిపేట గురువుగారి యింటికి గోదావరి తీరమునుండి కోడలు వచ్చుటవంటి సంబంధములు ఈ పట్టణమున తెలుగు–తమిళ క్రైస్తవ కుటుంబముల నడుమ సాధారణములు.

ఇక తెలుగు దేశమునకు వత్తము. దానికి దారియు చెన్నపట్టణము మీదుగనే. అమెరికన్ బాప్టిస్టు సంఘమువారు పంపిన సామ్యూల్ డే 1836లో విశాఖపట్టణమున దిగి, శ్రీకాకుళమున కొంతకాల ముండి, 1837లో చెన్నపట్టణము చేరెను. ఈ పట్టణపు తెలుగువారి నడుమ మూడేండ్లు గడపిన తరువాత, తెలుగు మాటాడు ప్రజల మధ్యనే నివసింపవలెనని నిశ్చయించి 1840లో నెల్లూరికి పోయెను. ఆ పిదప దాదాపు ఇరువది యైదేండ్లు చెప్పుకొనదగిన ఫలితము లేదు. పొలము దున్నిరి, విత్తు చల్లిరి, మొలక రాలేదు. దాతలకు సహనము నశించెను. మిషనును మూసివేయవలెనను ప్రతిపాదన అమెరికాలో ఒకసారి కాదు, పలుమారులు వచ్చెను. 1853లో ఆల్బనీ నగరమున జరిగిన వార్షిక సభలో ఈ చర్చ తీవ్రముగా సాగెను. పటముమీద బర్మాలో పెక్కు స్థానములు గుర్తింపబడియుండగా తెలుగుదేశమున నెల్లూరొక్కటే ఒంటి చుక్కవలె నుండెను. ఆ రాత్రి సామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను కవి ఆ ఒంటి చుక్కను గూర్చి పద్యములు వ్రాసెననియు, మరునాడు సభలో చదువగా శ్రోతలు కరగిపోయిరనియు, మిషను నిలిచెననియు ఆ సంఘ చరిత్రలు చెప్పుచున్నవి. అప్పటినుండి దానికి ఒంటిచుక్క మిషను అని పేరు వచ్చెను.

ఈ కథను బాప్టిస్టులు గర్వముతో చెప్పుకొందురు, గర్వింపదగినదే. అయినను పరిశోధకుడు దీనిలో మరియొక యంశము చూడవలెను. నెల్లూరు మిషను బ్రతుకుట, చచ్చుట నెల్లూరివారి చేతిలో లేదు. ఎనిమిదివేల మైళ్ళ యవతల ఒక సభలో ఒకరి కవిత్వము పండినది గనుక అది బ్రతికెను. పద్యము బాగుగా కుదరకపోయి యుండిన నేమగును? మిషను నివేదికలలో సంఖ్యలు, ఆశ్చర్యకర వృత్తాంతములు మెండుగా నుండుటకును ఇదియే కారణము. ఆ నివేదికలు ఇచ్చట చదువుకొనుటకై వ్రాసినవి కావు, అచ్చట చందాలు రాబట్టుటకై వ్రాసినవి. వానిని ఆధారముగా గొను చరిత్రకారుడు ఈ మాట మరువరాదు.

1865లో జాన్ ఎవరెట్ క్లౌ వచ్చెను. మరుసటి యేట ఒంగోలున స్థిరపడెను. 1867 జనవరి 1న అచ్చటి సంఘము ఎనిమిది మంది సభ్యులతో ఆరంభమాయెను. తాళ్ళకొండపాడునకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దలు తమ బంధుత్వముల దారిననే ఊరూర తిరిగి బోధించుటవలన సంఘము పల్లెలకు ప్రాకెను. ఇంతలో 1876–78ల ధాత కరవు వచ్చెను. క్లౌ పూర్వము భూములు కొలుచు విద్య నేర్చినవాడు. బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలకొలది జనులకు మట్టిపని కల్పించెను. పేరయ్యవంటి బోధకులు మేస్త్రీలుగా నిలిచిరి. మధ్యాహ్నపు విరామమున చెట్లనీడను బోధ సాగెను. జనులు బాప్తిస్మ మిమ్మని కోరిరి. క్లౌ ఈయలేదు.

ఈ నిరాకరణము ఆయన జీవితమున గొప్ప కార్యమని నా యభిప్రాయము. కూటికై వచ్చినవారిని కొనితెచ్చుకొనెనను నింద తన సంఘమునకు రాగూడదని ఆయన తలచెను. పదునైదు నెలలు ఒక్కనికిని బాప్తిస్మ మీయలేదు. కరవు సాయము ముగిసి, ఇక నా చేతిలో డబ్బు లేదని చాటించిన పిమ్మట గాని గుండ్లకమ్మ రేవు తెరవలేదు. అయినను జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లివద్ద ఒక్కనాట 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కొక్కసారి ఇద్దరేసి నీటిలో నిలిచి. ఆ సంవత్సరాంతమునకు క్రొత్తగా చేరినవారి సంఖ్య తొమ్మిదివేలు దాటెను. డబ్బు ఆగిన తరువాతనే జనము పెరుగుట ఇందు గమనింపదగినది. దీనికి కారణము భక్తియే యని మిషనువారందురు. ఊరివారి చేతిలో పశువువలె బ్రతికిన జాతికి మనిషియను పేరు దొరకుటయే యని సాంఘిక చరిత్రకారులందురు. రెండును వేరుగావని నాకు తోచుచున్నది.

అంతవరకు బాగుగనే యున్నది. కాని తొమ్మిదివేల మందికి బోధకులను, ఉపాధ్యాయులను ఎవరు పోషింతురు? వందలకొలది పల్లెలలో వందలకొలది జీతములు అమెరికానుండి రావలెనన్నచో ఒంటిచుక్క పద్యములు ఏటికొకటి వ్రాయవలసివచ్చును. పల్లెవారి స్థితి యెట్టిదో చెప్పనక్కరలేదు. భూమి లేదు. నగదు కంటబడుట అరుదు. ఆనాటి గ్రామవ్యవస్థలో వారి ఆదాయము మేర. మోట తొండములు, చెప్పులు, వారులు కుట్టి యిచ్చినందుకు కోతలనాడు కళ్ళమున కాపు కొలిచి యిచ్చు గింజలే మేర. వడ్లరాశి ప్రక్కన దూరముగా నిలుచుండి, గంపను క్రింద పెట్టి, పోసిన దానిని ఎత్తుకొని పోవుట వారికి తరతరాల పరిపాటి. ఇచ్చుట అను క్రియకు కర్తలుగా నుండు అవకాశము వారికి ఆ యూరిలో నెన్నడును లేదు.

ఈ నేపథ్యమున చూచిననే పిడికెడు బియ్యమను ఆచారపు విలువ తెలియును. పద్ధతి చాల తేలిక. ఇల్లాలు పూట పూటకు కుండలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరొక ముంతలో వేయును. జొన్నలు తినుచోట జొన్నలు, రాగులు తినుచోట రాగులు. ఆదివారమున ఆ ముంతను గుడికి తెచ్చి గంపలో బోర్లించును. సంఘపు పెద్ద దానిని కొలిపించి, కొంత బోధకుని యింటికి పంపి, మిగిలినది అమ్మి లెక్క వ్రాయును. పస్తులున్న పూట పిడికెడు లేదు. వండుకొన్న పూట తప్పదు. ఈ కానుకకు నగదు అక్కరలేదు, మగవాని సెలవును అక్కరలేదు. పొయ్యివద్ద నుండు స్త్రీయే దీనికి సర్వాధికారిణి. తిరునెల్వేలి తమిళ సంఘములలోను, మన తెలుగు పల్లెలలోను ఇది వేళ్ళూనెను. ఈశాన్యమున మిజో కొండలలో 1910లో ఆరంభమై, అచ్చటి సంఘ ఆదాయమున నేటికిని ముఖ్యభాగముగా నున్నది. మన దేశమున ఇది పూర్తిగా క్రొత్తదియు కాదు. మాధుకరము, ఉంఛవృత్తి, దాసరికి వేసిన దోసెడు అందరము ఎరిగినవే. కొత్తదన మొక్కటే: దాసరికి దూరమునుండి బియ్యము వేయుటకైనను తగరని ఊరు తలచినవారు, ఇప్పుడు తమ గురువును తామే పోషించుచుండిరి. మేర యెత్తుకొన్న గంపయే కానుకల గంపగా మారెను.

కోతల పండుగయు ఇట్టిదే. పంట చేతికి వచ్చిన తరువాత ఒక ఆదివారమున తొలి గింజలు, గుమ్మడికాయలు, కోళ్ళు, గ్రుడ్లు, అరటిగెలలు, మేకపిల్లలు గుడి ముంగిట చేరును. ఆరాధన ముగియగానే వేలము. సంవత్సరమంతటి ఖర్చులో పెద్దభాగము ఆ యొక్క దినమున సమకూరు గ్రామములు కలవు. కోడి కూయుచు వేలముపాటకు అడ్డుతగులుట ప్రతి యూరివారును నవ్వుచు చెప్పుకొను ముచ్చట.

ఈ ధర్మమును ఒక శాస్త్రముగా బోధించినవాడు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆయన 1874లో తిరునెల్వేలి సీమయందలి వెల్లాలన్‌విళై గ్రామమున పుట్టెను. 1903లో ఆ సీమలోని తమిళ క్రైస్తవులు తమ చందాలతో తాము ఒక ప్రచారసంఘమును స్థాపించిరి. దాని స్థాపకులలో నాయన యొకడు. వారు పంపిన ప్రచారకులు నిజాము రాజ్యమందలి డోర్నకలు ప్రాంతమున పని చేసిరి. తమిళుల పిడికిట బియ్యము తెలుగువారికి వచ్చిన దన్నమాట. అజరయ్య తానును ఆ పనికి వచ్చి తెలుగు నేర్చెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడాయెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు. అంతకు రెండేండ్లు ముందు ఎడింబరో మహాసభలో ఆయన చేసిన ప్రసంగము అచ్చటి దొరలలో పలువురికి మింగుడు పడలేదు. సొమ్మును త్యాగమును ఇచ్చితిరి, సంతోషమే, అయితే మాకు కావలసినది సమానుల స్నేహమని దాని తాత్పర్యము. దానము చేయువానికి దానము పుచ్చుకొనువాడు స్నేహితుడగుట కష్టము. ఈ యెరుకయే ఆయన కానుకల బోధకు మూలము. క్రైస్తవ దానమును గూర్చి ఆయన ఒక పుస్తకమే వ్రాసెను. బీదవారిని ఇమ్మని అడుగుట క్రూరమనువారికి ఆయన సమాధాన మిది: బీదవానిని అడుగకుండుటయే వానిని అవమానించుట. 1945 జనవరి 1న ఆయన మరణించునాటికి డోర్నకలు అధ్యక్షమండలమున విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు మించియుండెను.

అదే 1903వ సంవత్సరమున తెలుగు బాప్టిస్టులు చేసిన పని అంతకంటె నాశ్చర్యకరమైనది. మనవారిలోనే ఎక్కువమందికి తెలియనిది. దానికి ముందు కొంత పూర్వకథ అవసరము. 1860 అక్టోబరులో ట్రూరో అను ఓడ చెన్నపట్టణపు రేవు విడిచి నవంబరు 16న దక్షిణాఫ్రికాయందలి నేటాలు రాష్ట్రపు డర్బను రేవు చేరెను. దానిలో మూడు వందల నలువది మందికి పైగా కూలీ లుండిరి. 1911 వరకు ఇట్లు పోయినవారు లక్షా యేబదివేలకు పైబడిరి. వారిలో చెన్నపట్టణపు రేవునుండి పోయినవారే హెచ్చు. విశాఖపట్టణము, గంజాము, గోదావరి, నెల్లూరు జిల్లాల తెలుగువారు అందు పెక్కుమంది. అయిదేండ్ల ఒడంబడిక. మొదటి యేడు నెలకు పది షిల్లింగుల జీతము, తిండి. గడువు తీరి అచ్చటనే నిలుచువారిపై 1895 చట్టము ఏటికి మూడు పౌనుల పన్ను విధించెను. గాంధీగారి 1913 సత్యాగ్రహమునకు ముఖ్యకారణములలో నిది యొకటి.

ఈ కూలీలలో ఒంటిచుక్క మిషను పల్లెలవారును ఉండిరి. చెరకుతోటలలో, తేయాకుతోటలలో చెదరి, తమ భాషలో బోధించువాడు లేక, స్వదేశమునకు ఉత్తరములు వ్రాసిరి. ఈలోగా తెలుగు బాప్టిస్టులు తమ చందాలపై నడచు స్వదేశ మిషను సంఘము నొకటి స్థాపించుకొనియుండిరి. దాని పక్షమున జాన్ రంగయ్య అను నెల్లూరు ప్రాంతపు ఉపాధ్యాయుడు కుటుంబముతో కూడ 1903లో నేటాలునకు పోయెను. కియర్స్నీయందలి సర్ లీజ్ హ్యూలెట్ తేయాకుతోట వద్ద, ఆ డిసెంబరు మాసాంతముననే, తెలుగు బాప్టిస్టు సంఘమును నెలకొల్పెను. దక్షిణాఫ్రికాలో భారతీయుల బాప్టిస్టు సంఘములలో నిదియే మొదటిది. అటుపిమ్మట తోటనుండి తోటకు, డర్బనుకును సంఘములు ప్రాకెను. రంగయ్య 1915లో అచ్చటనే మరణించెను. ఆయన నాటిన సంఘముల సంతతి నేటికిని ఆ దేశమున నున్నది. తెలుగు మాట తరిగినను పేర్లలోను, కొన్ని పాటలలోను తెలుగు మిగిలియున్నది.

లెక్క చూడుడు. 1853లో నెల్లూరు మిషనును మూయుదుమా యని ఆల్బనీ సభ చర్చించినది. ఆ తరువాత అరువదియేండ్లైన గడువకముందే ఆ నెల్లూరు తానొక పరదేశమునకు ప్రచారకుని పంపినది. పంపినవారు లక్షాధికారులు కారు. ఈ పంపకమునకు చందా వేసినవారిలో పలువురు ఒకప్పుడు కళ్ళమున గంప పట్టి నిలిచినవారి బిడ్డలు. ఈ యంశమునే నేను ఇంతసేపు వెదకుచు వచ్చితిని.

దీనినిబట్టి పరదేశపు ధనము వ్యర్థమని యెవరును భావింపరాదు. 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు గుంటూరున స్థాపించిన ఆస్పత్రి అమెరికా లూథరను స్త్రీల చందాలతో లేచినది. దానిలో ప్రాణము దక్కించుకొన్న తల్లులకు ఆ సొమ్ము ఎచ్చటిదను విచారము లేదు. మెదకు దేవాలయము మరియొక తెఱగు. చార్లెస్ వాకర్ పాస్నెట్టు కరవు రోజులలో పదేండ్లపాటు రెడ్డి, గొల్ల, మాల భేదము లేక జనులకు పని కల్పించుచు దానిని కట్టించెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. దాని గోపురము 175 అడుగులు. మెదకుతో పోల్చినచో డోర్నకలు గుడి చిన్నది. కోవెలల, మసీదుల పోకడలు కలిసిన స్తంభములు, గుమ్మటములు గలది. డబ్బున్నప్పుడు కట్టి, లేనప్పుడు ఆపి, ఏండ్ల తరబడి లాగి 1939 జనవరి 6న ప్రతిష్ఠించిరి. యాత్రికులు మెదకుకు పోవుదురు. నాకు డోర్నకలే యిష్టము. అయితే ఇది కేవలము నా యభిరుచి.

పరదేశపు ధనమునకు లోపములు లేకపోలేదు. జీతము బోస్టనునుండి, లండనునుండి వచ్చినంతకాలము బోధకుడు పల్లెకు గాక దొరకు జవాబుదారి. దొరలు పోయిన పిమ్మట మిగిలిన బంగళాలు, బడులు, పట్టణము నడుమనున్న విశాలమైన స్థలములు సంఘములలో వ్యాజ్యములకు మూలములాయెను. కోర్టులలో నలిగిన మిషను ఆస్తుల కథలు కోస్తా జిల్లాలలో ఏ న్యాయవాది నడిగినను చెప్పును. పిడికెడు బియ్యముపై ఎవరును దావా వేసినట్లు వినము.

ప్రభుత్వమువారును ఈ ప్రవాహమును కట్టుదిట్టము చేసిరి. విదేశీ విరాళముల నియంత్రణకు 1976లో మొదటి చట్టము వచ్చెను. దాని స్థానమున 2010లో మరియొకటి. 2020 సవరణము ప్రకారము అట్టి విరాళములన్నియు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు శాఖయందలి ఖాతాకే రావలెను. అందుకొన్న సంస్థ వేరొక సంస్థకు మరల పంచి యీయరాదు. పాలనావ్యయము నూటికి ఇరువది మించరాదు. దీనివలన పెద్ద సంస్థల ఆస్పత్రులు, వసతిగృహములు ఇబ్బంది పడినవి. కోతల పండుగ వేలముపై బ్రతుకు పల్లె సంఘమునకు మాత్రము ఈ చట్టమువలన ఇబ్బంది లేదు. మరియొక వంక, అమెరికాలోను గల్ఫు దేశములలోను స్థిరపడిన తెలుగువారు తమ పుట్టినయూరి గుడికి పైకప్పు వేయించుట, స్పీకర్లు కొనియిచ్చుట పరిపాటియైనది. ఇదియు సముద్రము దాటి వచ్చు ధనమే. పంపువాని తాత పేరు మాత్రము ఆ గుడి పాత లెక్కల పుస్తకములో 'పిడికెడు' పద్దు క్రింద నుండును.

చెన్నపట్టణమున తెలుగు సంఘములకు పొలములు లేవు, కళ్ళములు లేవు. అయినను కోతల పండుగ మానలేదు. చింతాద్రిపేట, పెరంబూరు, వేపేరి ప్రాంతములవారు ముందునాటి సాయంకాలము బజారునకు పోయి బూడిదగుమ్మడికాయలు, అరటిగెలలు, పసుపుకొమ్ములు కొని, మరునాడు గుడికి తెచ్చి అర్పింతురు. వేలమున ఒక గుమ్మడికాయను ఒకరు పదింతల వెలకు పాడి, మరల గుడికే ఇచ్చివేయుదురు. దానిని మరియొకరు పాడుదురు. ఇట్లు ఒకే కాయ నాలుగైదు చేతులు మారి, కడపట ఏ యింటికిని పోక, మధ్యాహ్నపు విందు సాంబారులో పడును.